ఇద్దరు మోసే బరువు

మా క్లబ్బులో మా అత్త నోటికి జడవని మనిషి లేడు. గోల్ఫ్ ఆడటానికి వచ్చే పెద్దమనుషులు కూడా మైదానంలో తిరిగే బ్యాటరీ బండికి బురద అంటితే ఆమె కంటపడకుండా చెట్ల వెనక నుంచి తిప్పుకొస్తారు. నేను అక్కడి కాంటీన్‌లో టీ పోస్తాను కాబట్టి ఆమె గురించి ఎవరేమన్నా ముందు నా చెవినే పడుతుంది. మొండిఘటం అంటారు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటుందని అంటారు. అననీ. ఆ కుందేలుకు నిజంగానే మూడు కాళ్ళున్న రోజొకటి నేను కళ్ళారా చూశాను.

అత్త పని బ్యాటరీ షెడ్డులో. గోల్ఫ్ బండి సీటు ఎత్తితే కింద ఆరు బ్యాటరీలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వాటి మూతలు విప్పి, లోపలి పలకలు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ పోయాలి. అదీ చార్జింగ్ పూర్తయ్యాకే. ముందే నిండా పోస్తే వేడికి పొంగి, యాసిడ్ బయటికొచ్చి కింద ఉన్న ఇనుమును తినేస్తుంది. వైర్లు బిగించే చోట పూసిన చిలుమును వంటసోడా నీళ్ళతో కడిగి, ఆరాక వాజిలిన్ రాయాలి. ఆ వంటసోడా వల్లే బండ్లు నడిపేవాళ్ళు ఆమెకు సోడా అక్క అని పేరు పెట్టారు. ఆమె చీరలన్నిటికీ చిల్లులే. యాసిడ్ చుక్క పడినప్పుడు ఏమీ కనిపించదు, ఉతికాక తెలుస్తుంది.

“ఒకటి పోయిందని దాని చోట కొత్తది పెడితే ముసలి ఎద్దుల మధ్య కోడెను కట్టినట్టే. దాని పని కూడా అయిపోతుంది. మారిస్తే ఆరూ మార్చాలి” అనేది అత్త.

ఇంత చేసినా ఆ ఉద్యోగం ఆమెది కాదు, మామయ్యది. మామయ్య భారీ మనిషి. పాత బ్యాటరీలు తీసి కొత్తవి వేసే రోజంటే షెడ్డులో మగవాళ్ళకు అదో తమాషా. బ్యాటరీ చూడటానికి చిన్నదే గానీ లోపలున్నది సీసం, చెయ్యి వేస్తే గానీ బరువు తెలియదు. దాన్ని ఒంటరిగా పొట్టకు హత్తుకుని బండిలోంచి ఎత్తినవాడే మొనగాడు. చుట్టూ చేరి ఈలలు వేసేవాళ్ళకు నేనే టీలు అందించేదాన్ని. మామయ్య చాలా ఏళ్ళు అలా ఎత్తాడు. ఒకరోజు సగం ఎత్తి, నడుము పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. అప్పట్నుంచి షెడ్డు వెనక గదిలో మంచానికి అతుక్కుపోయాడు. మర్నాడు అత్త ఆయన చొక్కా చీర మీద తొడుక్కుని షెడ్డు తెరిచింది. ఎవరైనా అడిగితే “ఆయన లోపల ఉన్నారు” అనేది. అందులో అబద్ధమేముంది?

పాత మేనేజరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. కొత్తాయన అలా కాదు. చెడ్డవాడని అనను, తొందర మనిషి. పోటీలు దగ్గరపడ్డాయి, బండ్లన్నిటికీ కొత్త బ్యాటరీలు వచ్చి ఉన్నాయి. ఉద్యోగం ఉన్నవాడు మంచంలో, పని చేసేది భార్య అని ఆయనకు అప్పుడు తెలిసింది. తెల్లారేసరికి గోడౌన్‌లో బస్తాలు మోసే మనిషిని వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చాడు. నేను టీ కెటిల్‌తో అక్కడే ఉన్నాను.

“చూడమ్మా, ఇది బరువు పని. ఎవరు ఒక్కరే బ్యాటరీ ఎత్తి ట్రాలీ మీద పెడితే ఈ పోస్టు వాళ్ళది. ఆడా మగా అని నాకు తేడా లేదు. ముందు మీరే ఎత్తండి” అన్నాడు.

ఎంత న్యాయంగా మాట్లాడాడో చూశారా. నాకు ఒళ్ళు మండింది. పోస్టు పోతే దానితోపాటు వెనక గదీ పోతుంది. అత్త మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది.

“నేను ఎత్తను సార్.”

“చేతకాకపోతే ఆ మాట చెప్పండి.”

“చేతనైనా ఎత్తను.”

వైర్లు అప్పటికే అత్త విప్పి ఉంచింది. బస్తాల మనిషి ముందుకొచ్చి, బ్యాటరీని పొట్టకు హత్తుకుని, మెడ నరాలు ఉబ్బేలా ఎత్తి ట్రాలీ మీద పెట్టాడు. మేనేజరు శభాష్ అన్నాడు. అత్త సోడా నీళ్ళ డబ్బా తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టింది.

“చొక్కాకు యాసిడ్ అంటి ఉంటుంది, వీటితో తడుపుకో తమ్ముడూ, లేకపోతే ఉతికేటప్పుడు పీలికలవుతుంది. ఆ తర్వాత వెనక గదికి రా. ఇంతకుముందు ఒక్కడే ఎత్తిన మనిషి అక్కడున్నాడు, చూసి పో.”

“ఇప్పుడు అవన్నీ ఎందుకమ్మా, టైం లేదు” అన్నాడు మేనేజరు. అత్త వినిపించుకోలేదు. బస్తాల మనిషి చొక్కా తడిపి పిండుకుంటూ ఆమె వెనకే వెళ్ళాడు.

మామయ్య తల మాత్రం ఇటు తిప్పి, “రా తమ్ముడూ, కూర్చో. లేవలేను, ఏమీ అనుకోకు” అన్నాడు. బస్తాల మనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇద్దరివీ ఒకే రకం భుజాలు. మామయ్య చెయ్యి చాపితే దగ్గరికెళ్ళి పట్టుకున్నాడు. తిరిగొచ్చాక రెండో బ్యాటరీ దగ్గరికి పోకుండా గోడ వారన కూలబడ్డాడు.

అత్త మేకుకు తగిలించి ఉన్న పట్టీని తీసింది. పాత సీటు బెల్టుతో తనే కుట్టుకుంది. పట్టీకి ఉన్న కొక్కేలు బ్యాటరీ చెవులకు తగిలించి, పైన కర్ర దూర్చి, చెరో కొస పట్టుకుంటే నడుం వంచకుండా లేస్తుంది. ఇన్నాళ్ళూ దారిన పోయేవాణ్ణి కేకేసి రెండో కొస పట్టించుకునేది. ఎవరూ దొరకనప్పుడు నేనే పట్టాను. ఇప్పుడా కొస బస్తాల మనిషికి చూపించి “పట్టు” అంది. అతను లేచి పట్టాడు. బ్యాటరీ తొణక్కుండా లేచి ట్రాలీ మీద కూర్చుంది.

“బాగానే ఉంది. కానీ పోస్టు ఒక్కటే” అన్నాడు మేనేజరు.

“ఒక్కరే చెయ్యాలంటే నాకొద్దు సార్. గది ఖాళీ చేసి, ఆయన్ని మంచంతో సహా మోసుకుపోతాను. కానీ నేను ఉండగా ఈ షెడ్డులో ఇంకెవరూ ఒంటిగా ఎత్తడానికి వీల్లేదు. ఎత్తే పనైతే బ్యాటరీ మీద నేను కూర్చుంటాను. నన్ను కూడా కలిపి ఎత్తుకోమనండి.”

మేనేజరు బస్తాల మనిషి వైపు చూశాడు. అతను కర్ర వదల్లేదు.

“నేనూ గోడౌన్‌కే పోతాను సార్. అక్కడ బస్తాను వీపు మీదికి ఎత్తిపెట్టడానికైనా ఒక మనిషి ఉంటాడు” అన్నాడు.

సీట్లు పైకెత్తిన బండ్లు షెడ్డు నిండా ఉన్నాయి. మేనేజరు వాటి మధ్య తిరుగుతూ ఫోన్‌లో ఎవరితోనో చాలాసేపు వాదించాడు. అత్త ఈలోగా నాతో టీ పోయించుకుని తాగింది, నిమ్మకు నీరెత్తినట్టు. చివరికి ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, “సరే, ఇద్దరు” అన్నాడు. ఇంకొకరైతే దణ్ణం పెట్టేవాళ్ళు. అత్త మాత్రం “నా పోస్టు నా పేరు మీదే ఉండాలి సార్, మా ఆయన పేరు మీద కాదు” అంది. దానికీ తల ఊపక ఆయనకు తప్పలేదు.

సాయంత్రం నేను మామయ్యకు టీ తీసుకెళ్ళాను. అత్త చేతులు కడుక్కుని అప్పుడే వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. జరిగిందంతా ఆయన గోడ అవతలి నుంచి విన్నాడు.

“రెండో కొస ఎవరు పట్టారు?” అని అడిగాడు.

“నాకు పోటీగా తెచ్చినవాడే.”

మామయ్యకు నవ్వొచ్చింది. నడుము కలుక్కుమని ఆపుకున్నాడు. “నాకప్పుడు ఎవరూ చెప్పలేదు, ఇద్దరం ఎత్తుదామని” అన్నాడు.

నేనైతే అక్కడితో ఊరుకునేదాన్ని. అత్త ఊరుకోలేదు.

“నేను చెప్పాను. ఒక కొస నేను పడతానన్నాను. ఆడదానితో కలిసి ఎత్తితే అందరూ నవ్వుతారన్నారు మీరు.”

మామయ్య టీ గ్లాసు పక్కన పెట్టాడు.

“నవ్వుతారనుకున్నవాళ్ళలో ఒక్కడూ ఈ మంచం దాకా రాలేదే” అన్నాడు.