కైజర్ కారు నాలుగో తలుపు

అరబ్బుల రేవుపట్నం మత్రాలో అలాంటి కారు అదొక్కటే. కైజర్ ట్రావెలర్. యుద్ధం ముగిశాక అమెరికాలో పుట్టిన కంపెనీ ఒకటి, వెనక భాగమంతా తెరుచుకొని బండెడు సామాను మింగే ఈ సెడాన్‌ను కొన్నేళ్లు చేసి మానేసింది. తర్వాత అక్కడ కార్లు చేయడమే మానేసింది. నట్టు ఊడితే నట్టు దొరకదు. డెబ్బయ్యారులో ఆ కారును నడుపుతూ, బాగుచేస్తూ బతికినవాడు కడప నిసార్ అహ్మద్.

కారు అజీజా బేగంది. నిజామాబాద్‌లో పుట్టి, మత్రా వ్యాపారిని పెళ్లాడి వచ్చిన మనిషి. భర్త పోయాక కూడా శుక్రవారం శుక్రవారం, ఆయనతో వెళ్లినట్టే, సముద్రపొడ్డుకు ఆ కారులోనే వెళ్లేది. నిసార్ జ్వరంతో పడి ఉంటే జావ కాచి రూముకు పంపిన తల్లి. ఆమె అంటే వాడికి ప్రాణం.

ఎడమ వెనక తలుపు తెరుచుకోదు. బయట పిడి ఉంటుంది, లోపల వెల్డింగ్, దానికి ఆనుకొని స్టెప్నీ. ఎవరైనా తెలియక పిడి లాగితే అజీజా చిన్నపిల్లలా నవ్వేది. ఎందుకో నిసార్ అడగలేదు. మోకాళ్ల నొప్పులతో ఆమె కుడివైపు నుంచి ఎక్కి, జరిగి జరిగి ఆ చక్రం పక్కకు చేరడమే వాడి కంటికి ఆనింది. ఎవడో చేతగాని మేస్త్రీ అతికించి వదిలేశాడనుకున్నాడు. ఆమెకు చెప్పకుండా వెల్డింగ్ కోసి, కీళ్లు బిగించి, చక్రాన్ని వెనక్కి మార్చాడు.

శుక్రవారం తలుపు బార్లా తెరిచి నిలబడ్డాడు.

"ఇంగ జరిగే పని ల్యాదమ్మా. రా, కూచో."

అజీజా ముఖం పాలిపోయింది. "ఎవల్నడిగి కోసినవు బిడ్డా? గా తలుపు కంపెనోళ్లే మూసి పంపిండ్రు, చక్రం నిలవెట్టనీకె. ఎవలన్న గుంజితే మా ఆయన నవ్వెటోడు. నాలుగు తలుపులల్ల ఒకటి అబద్ధాలది అనెటోడు. గసొంటి బండి ఇంకోటి ఏడికెల్లి తెస్తవు?"

ఆమె ఆరోజు బయటికి పోలేదు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. నిసార్ ఏడుస్తూనే తలుపు మళ్లీ వెల్డు చేసి, చక్రాన్ని ఎక్కడిదక్కడ నిలబెట్టాడు.

మరుసటి శుక్రవారం ఆమె కుడివైపు ఎక్కి, జరిగి, తన చోట కూర్చుంది. సముద్రం దగ్గర అరబ్బీ కాఫీ ఖహ్వా అమ్మే కొట్టులో కొత్తగా చేరినవాడు కప్పుతో వచ్చి ఎడమ పిడి లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. నిసార్ ఆ నవ్వు కోసం అద్దంలోకి చూశాడు.

అజీజా కొత్త వెల్డింగును వేలితో తడుముతోంది.

"అటుదిక్కు రమ్మను బిడ్డా," అంది.