మామ్మగారు నేర్పిన భూతకాలం

ఆ రోజుల్లో నాతో మాట్లాడే గొంతు ఫోన్‌లోదే. గోదావరి ఒడ్డున దిండిలో ఒక రిసార్టులో రిసెప్షన్ ఉద్యోగం. వానాకాలం వచ్చిందంటే హౌస్‌బోట్లన్నీ రేవులో కట్టేసి ఉండేవి, నేను బల్ల దగ్గర. రాజోలు దగ్గర ఇంటికెళ్తే అక్కడా ఎవరూ లేరు. నాన్న నా చిన్నప్పుడే పోయేరు, అమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు. ఏదో ఒక గొంతు వినబడితే చాలని ఫోన్‌లో స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టేను. (హిందీ అయితే పనికొచ్చేదని మేనేజరుగారు చాలాసార్లు అన్నారు.) నేను వండుతాను, నువ్వు వండుతావు, ఆవిడ వండుతుంది అంటూ ఖాళీ హాల్లో గట్టిగా వల్లె వేసేవాణ్ణి. వర్తమానకాలం పూర్తయ్యేసరికి భాష వచ్చేసిందనే అనుకున్నాను. భూతకాలం పాఠం మూడుసార్లు తెరిచి మూడుసార్లూ మూసేసేను.

ఆ వానల్లోనే స్పెయిన్ నుంచి ఒక పెద్దావిడ ఒంటరిగా దిగేరు. మేమంతా మామ్మగారు అనేవాళ్ళం. నా స్పానిష్ విని ఆవిడ మొహం విప్పారింది, రెండు రోజులు బల్ల దగ్గరే కుర్చీ వేసుక్కూర్చున్నారు (ముసురులో వేరే కాలక్షేపం లేదు లెండి). ఇక్కడి వంటల గురించి అడిగితే "మి మద్రె కొసీన" అన్నాను. మా అమ్మ వండుతుంది అని. పనసపొట్టు కూర, చేపల పులుసు, అన్నీ అమ్మచేత వండించేను. నాకు వచ్చిన కాలం అదొక్కటేనాయె. అప్పుడావిడ ఏదో పెద్ద ప్రశ్న వేసేరు. అర్థం కాక, అలవాటు కొద్దీ "ఆయ్" అన్నాను. మా గోదావరి వైపు అది అవునండీ అని. స్పానిష్‌లో ఆయ్ అంటే 'ఉంది' అని అర్థం. ఆదివారం మీ ఇంట్లో భోజనం ఉందా అని అడిగేరట.

ఆ సంగతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి ముందు రిసార్టువాళ్ళు దారి చెప్పి పంపిన ఆటో ఆగేక తెలిసింది. మామ్మగారు దిగేరు, అమ్మ కోసం పట్టు శాలువాతో. నేను లుంగీలో వంకాయలు మాడుస్తున్నాను. "మద్రె?" అని లోపలికి తొంగి చూసేరు. గదిలోకి తీసుకెళ్ళి దండ వేసిన ఫొటో చూపించేను.

ఆవిడ శాలువా ఫొటో ముందు పెట్టేరు. తరవాత నా భుజం మీద చెయ్యి వేసి, చంటిపిల్లాడికి చెప్పినట్టు, "కొసినాబ" అన్నారు. వండేది.

నేనూ అన్నాను. అమ్మ గురించి ఆ మాట నేను తెలుగులో కూడా ఎవరితోనూ అనలేదు.

మాడిన వంకాయ మామ్మగారు మళ్ళీ అడిగి వడ్డించుకున్నారు. మర్యాదో ఆకలో ఇప్పటికీ తెలీదు.

మర్నాడు రిసార్టు నుంచి వెళ్ళిపోతూ కారెక్కి, అద్దం దించి, చాలాసేపు ఏదో చెప్పేరు. ఇప్పుడు నాకు ఆ భాషలో అన్ని కాలాలూ వచ్చు, ఆ మాటలు గుర్తుంటే అర్థం చేసుకోగలను. గుర్తున్నదల్లా వానలో తడుస్తూ, అంతా తెలిసినట్టు గంభీరంగా తలూపుతున్న ఆ కుర్రాడే, అప్పటి నేను. వాణ్ణి తలచుకోగానే నవ్వొస్తుంది. పక్కన నిలబడి గొడుగు పట్టాలనిపిస్తుంది.