వదినకు దక్కని చివరి అధ్యాయం

మా వదిన మంచిదే. ఆ మాట ముందే అనేస్తున్నాను, తర్వాత అనాలనిపించదు. మా ఆయనకు సొంత అక్క, ఉప్పల్‌లో ఉంటుంది. పిలిస్తే పరుగెత్తుకొస్తుంది. ఆ మంచితనంతోనే నా కొంప ముంచింది.

కొత్తగూడలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, కొండాపూర్‌లో కొనుక్కున్న ఫ్లాట్‌లోకి మారుతున్నాం. కొత్తింట్లో పాలు ఆడపడుచే పొంగించాలి కదా, వదిన ముందురోజే దిగింది. నాకేమో ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజు. టెస్టింగ్ చేసేదాన్ని, తలెత్తే తీరిక లేదు. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే పాత చీపురు, పగిలిన బకెట్లు లేవు, నా పుస్తకాల బీరువా కూడా ఖాళీ!

"కొత్తింటికి పాత సామాను తీస్కపోవద్దు పిల్లా, మంచిది కాదు. పాత పేపరోనికి ఇచ్చేసిన," అంది వదిన. "గవన్నీ ఫోన్ల ఉంటయంట గద, తమ్ముడే చెప్పిండు. గిప్పుడు జూడు, ఇల్లు ఎంత ఖుల్లాగ ఉందో!"

తమ్ముడుగారు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. మర్నాడు పాలు పొంగాయి. పట్టుచీర కట్టుకుని నవ్వుతూ ఫొటోలు దిగాను. నా కడుపు మండిపోతోందని ఒక్కరికైనా తెలిస్తే ఒట్టు.

పోయిన వాటిలో ఒక నవల ఉంది. ఉద్యోగానికని ఈ ఊరొచ్చి, హాస్టల్లో ఎవరితోనూ మాట కలవక ఏడ్చుకునే రోజుల్లో కొన్నాను. దిక్కుతోచనప్పుడల్లా దాన్నే తెరిచేదాన్ని. మళ్ళీ అచ్చు వేయలేదు. దుకాణాల్లో అడిగితే "ఆ పేరే వినలేదు మేడమ్" అన్నారు.

ప్రాయశ్చిత్తంగా మా ఆయన నా పేరు మీద నెలనెలా కట్టే ఈబుక్ సబ్‌స్క్రిప్షన్ తీసుకున్నాడు. నిజం చెప్పొద్దూ, సుఖంగానే ఉంది. నానక్‌రామ్‌గూడ ఆఫీసుకు క్యాబ్‌లో వెళ్తూ, ఫ్లైఓవర్ మీద బండి కదలకపోయినా విసుగు లేకుండా చదువుకోవచ్చు. నచ్చకపోతే పక్కన పడేసి ఇంకోటి. కొనాలంటే చెయ్యి రాని పుస్తకాలన్నీ చదివాను. పైగా ఒకరోజు వెతుకుతుంటే, నా నవల! క్యాబ్‌లోనే "అమ్మయ్యా" అని అరిచేశాను. పోనీలే, వదిన మాటే నిజమైందనుకున్నాను. ఆ సంబరంలో వదిన ఫోన్‌ను కూడా నా ఖాతాకు కలిపాను. అక్షరాలు పెద్దవి చేసుకుని ఆవిడ హత్యల నవలల మీద పడింది.

సగం చదివానో లేదో, ఒక ఉదయం నా నవల తెరుచుకోలేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, "పబ్లిషర్‌తో ఒప్పందం అయిపోయింది మేడమ్, ఆ పుస్తకం ఇక మా దగ్గర ఉండదు" అన్నాడు. నేను గీసుకున్న గీతలు, రాసుకున్న మాటలు? అవీ కనిపించవట. నెలనెలా డబ్బు కట్టింది చదువుకోవడానికేనట, దాచుకోవడానికి కాదట. ఎవరి బీరువాలోనో చెయ్యి పెట్టి, ఇది నాదే అనుకున్నాను. నాదైన బీరువా ఏమైందో తలుచుకోగానే ఒళ్ళు మండింది.

సరిగ్గా ఆ సాయంత్రమే వదిన ఫోన్. "ఏం పుస్తకమే, అన్నం గూడ తినబుద్ధి అయితలేదు! ఆఖరి అధ్యాయం ఒక్కటే ఉంది. రేపు పొద్దుగాల పనంత అయినంక నిమ్మళంగ చదువుత."

"అలాగే వదినా, నిమ్మళంగా చదువుకోండి," అన్నాను. ఫోన్ పెట్టేసి నా ఖాతాలోంచి ఆమె ఫోన్‌ను తీసేశాను. ఎంత హాయిగా ఉందో!

మర్నాడు మీటింగులో ఉండగానే మళ్ళీ ఫోన్. బయటికొచ్చి ఎత్తాను. "పుస్తకం తెరుచుకుంటలేదే. పొద్దుగాల సంది పరేషాన్ అయితున్న. నువ్వు చదివినవ్ గద, సంపింది ఎవలో చెప్పు."

చదివాను. చంపింది తోటమాలి.

"ఆ ఇంటి ఆడపడుచండి," అన్నాను.

"అగో! ఆమె ఎందుకు సంపుతది? అందరి మంచి కోరేటిది గద?"

"మంచి చేస్తున్నాననుకునే చంపింది."

వదిన గొంతు తగ్గించి, "పుస్తకాల కోపం ఇంకా పోలేదా? నువ్వే బంద్ చేసినవా?" అంది.

"అవునండి, నేనే. పాత పేపరతనికి వేసిన నా నవల నాకు తెచ్చివ్వండి. మీ ఆఖరి అధ్యాయం మీకిస్తాను."

మా ఆయన రాయబారానికి వచ్చాడు. "అక్క పెద్దది, అట్ల చేస్తవా?" అన్నాడు. ఆయన ఫోన్‌ను కూడా ఖాతాలోంచి పీకేశాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం వదిన అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల గుట్టల ముందు కూర్చుని నా నవల కోసం వెతుకుతోందట. మోకాళ్ళు నొస్తున్నాయట. ఎండ మండిపోతోందట.

వెతకనీ.