బస్సు దిగి చూసిన కబడ్డీ

నాకు రాత రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ఈ రోజు మా మనవరాలి కబడ్డీ ఆట మొదటిసారి టీవీలో వచ్చింది. అప్పుడు మేమిద్దరం గిద్దలూరు బస్సులో ఉన్నాం. ఫోనులో పెడితే, బస్సు ఆగినప్పుడు బొమ్మ ఆడింది, కదలగానే బిగుసుకుపోయింది. పిల్ల కూతకు వెళ్లబోతుంటే మళ్లీ అంతే.

"నాయనా, రెండు నిమిషాలు ఆపు," అన్నాను.

"నీ ఫోను కోసం బస్సు ఆపాల్నా అవ్వా? ఊరు చేరినాక చూడు," అన్నాడు కండక్టరు.

"అప్పటికి ఆట అయిపోతాది. నన్ను దింపు!"

ఇద్దరినీ దింపేశాడు. ఎండలో నిలబడి, పిల్ల ముగ్గురిని తాకి గీత దాటి రావడం కళ్లారా చూశాను.

పరుగెత్తే బస్సులో మాట వినిపించే ఫోనుకు బొమ్మ ఎందుకు ఆడదు? చదువుకున్నవాళ్లు చెప్పండి. త్వరగా చెప్పండి, పొద్దు వాలినా ఇంకో బస్సు రాలేదు.