కోటు లేకుండా తీసిన ఫొటో

మొన్న శుక్రవారం, ఇక్కడ ఖతార్‌లో సెలవు రోజు, ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో మా సంఘస్థులందరం నిలబడి ఒక ఫొటో దిగాం. తీసింది మా పాస్టరుగారి కోడలు, తన ఫోనుతో. ఒకప్పుడు ఇలాంటి ఫొటోలన్నీ నేనే తీసేవాణ్ణి కాబట్టి వెనక వరసలో ఊరికే నిలబడటం నాకింకా అలవాటు కాలేదు, చేతులెక్కడ పెట్టుకోవాలో తోచక వెనక్కి కట్టుకున్నాను. తర్వాత ఆ అమ్మాయి ఫోను నా ముందు పెడితే చూశాను కదా, యాభై ఎనిమిదేళ్ళ నా మొహం మీద ఒక్క ముడత లేదు, కళ్ళ కింద నలుపు లేదు, పుట్టినప్పటి నుంచీ ముక్కు పక్కనున్న మచ్చ కూడా ఎటో పోయింది. ఇదేమిటమ్మా అంటే, అది ఫోనే సరిచేసుకుంటుందండి అంకుల్, మనమేం చెయ్యక్కర్లేదు అని నవ్వింది. అందరూ పెళ్ళికొడుకులా ఉన్నావని ఆటపట్టించారు. నేనూ నవ్వాను గానీ, కారెక్కి కూర్చున్నాక చాలాసేపు తాళం తిప్పలేకపోయాను. నాలాగే గల్ఫులో జుట్టు నెరిసినవాళ్ళకి ఎందుకో చెబితే అర్థమవుతుందనుకుంటాను.

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. పర్యాటకుల కోసం క్యాలెండర్లూ, బొమ్మల పుస్తకాలూ అచ్చువేసే ఒక చిన్న కంపెనీ ఫొటోగ్రాఫరుగా వీసా ఇస్తే దోహా వచ్చి, ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక పాత భవనం రెండో అంతస్తులో ఒంటిగది కాపురం పెట్టాం. మా ఆవిడ నర్సు. ఆవిడకి డ్యూటీలు, నాకు ఊళ్ళు తిరగడం. దేశం చిన్నదే, పొద్దున బయలుదేరితే ఏ మూలకైనా వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు, కానీ అప్పట్లో నాకది ఎంత తిరిగినా తరగని దేశంలా కనిపించేది. జుబారా కోట గోడల మీద ఎండ ఏ వేళకి ఏ రంగులో పడుతుందో నాకు కంఠతా వచ్చు. జక్రీత్‌లో సున్నపురాళ్ళ గుట్టల దగ్గర ఒక ఒంటె నా టోపీ లాక్కుని నమిలేస్తే, దాని యజమాని తన తలగుడ్డ తీసి నాకు చుట్టి పంపాడు. సీలైన్ ఇసుక దిబ్బల్లో కారు కూరుకుపోయిన రోజున ఎవరో పెద్దాయన తాడు కట్టి లాగి, కూర్చోబెట్టి గావా కాఫీ తాగించి, ఇసుకని నమ్మొద్దని నాకు సగమే అర్థమయ్యే అరబ్బీలో ఒక గంట చెప్పాడు. ఇలాంటివి చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది.

మా కంపెనీలో ఒకే ఒక్క నియమం ఉండేది. ఫొటోలో పనివాళ్ళు పడకూడదు. సముద్రం పడొచ్చు, పడవలు పడొచ్చు, గద్దని చేతిమీద పెట్టుకున్న షేకు పడొచ్చు, నీలం డ్రెస్సు కూలీ మాత్రం ఒక మూలనైనా కనబడకూడదు. రోడ్డు వేసేదీ, గడ్డి తడిపేదీ, అద్దాలు తుడిచేదీ వాళ్ళే కాబట్టి వాళ్ళు లేని చోటు ఈ దేశంలో దొరకడం కష్టం. వాళ్ళు పక్కకి తప్పుకునేదాకా ఓపిగ్గా నిలబడటం, లేకపోతే రాత్రికి కంప్యూటర్లో చెరిపెయ్యడం నా పనిలో సగభాగం. అందులో తప్పుందని నాకెన్నడూ తోచలేదు. నిజం చెప్పాలంటే, ఆ పనిలో నాకు మంచి చెయ్యి ఉందని కాస్త గర్వం కూడా ఉండేది.

నేను చెప్పబోయే మనిషి నాకు పరిచయమైంది అలాగే. అల్ ఖోర్ సముద్రపు ఒడ్డున కాలిబాటకి రాళ్ళు పేర్చే మేస్త్రీ ఆయన, జగిత్యాల వైపు మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. వాళ్ళ జట్టు తప్పుకుంటుందేమోనని రెండు గంటలు సైగలు చేసి చేసి, విసుగొచ్చి తెలుగులో ఏదో గొణుక్కున్నాను. ఆయన చేతిలో రాయి కింద పెట్టి నడుచుకుంటూ నా దగ్గరికే వచ్చాడు.

"ఓ తమ్మీ, పొద్దుగాల్నుంచి జరుగు జరుగు అంటున్నవ్. సముద్రం యాడికి పోతది గని, మమ్ముల గూడ ఒక్కటి తియ్యరాదు?"

సిగ్గుపడి తీశాను. అప్పటినుంచీ ఆయన నాకు అన్నయ్య, నేను ఆయనకి తమ్మి. ఆ స్నేహం వల్లే నాకు శుక్రవారాల వ్యాపకం ఒకటి పట్టుకుంది. ఆరాధన అయ్యాక మధ్యాహ్నం నుంచి పనివాళ్ళుండే క్యాంపుల వెంట తిరిగి మనవాళ్ళకి ఫొటోలు తీసేవాణ్ణి. ఆ ఫొటోలకొక పద్ధతుండేదని మీలో చాలామందికి తెలుసు. పని బట్టల్లో ఎవరూ దిగరు. నా కారులో ఒక నల్లకోటు ఉండేది, ఎంత సన్నటివాడికైనా వీపు వెనక నాలుగు క్లిప్పులు పెడితే ముందు నుంచి కుట్టించినట్టు ఉంటుంది. ఎవరిదో తెల్లకారు మీద చెయ్యి వేసి, లేదా సముద్రపు ఒడ్డున కోర్నీష్ రోడ్డులో అద్దాల భవనాలకి వీపు పెట్టి నిలబడతారు. నేను ఇంటికొచ్చి ఎండకి కమిలిన చర్మాన్ని తేటగా చేసి, దవడలు కొంచెం నింపి, కాగితం మీద అచ్చు వేసిస్తే, సెలవు మీద ఊరెళ్ళే మనిషి చేతికిచ్చి పంపేవాళ్ళు. అక్కడ ఇళ్ళల్లో అవి గోడెక్కేవి. వాళ్ళకి ఖతార్ అన్నా, మస్కట్ అన్నా అంతా దుబాయే.

ఐదేళ్ళు వరసగా ఏడాదికొకసారి అన్నయ్యని నా కారులో ఎక్కించుకుని, ఒకసారి జుబారా కోట ముందు, ఒకసారి ఇసుక దిబ్బ మీద, ఒకసారి పడవల దగ్గర నిలబెట్టి తీశాను. దిబ్బ ఎక్కిన రోజు చిన్నపిల్లాడిలా జారుకుంటూ కిందికొచ్చి, కోటు జేబుల్లోంచి ఇసుక దులుపుతూ, మా ఆమె ఇది సూస్తే నేనీడ ఆడుకుంటున్న అనుకుంటది తమ్మీ అని పడి పడి నవ్వాడు. అనుకుంటే మంచిదే కదా అన్నాను నేను.

ఆరో ఏడు ఆయన్ని బిర్కత్ అల్ అవామిర్ క్యాంపుకి మార్చారు. పని ఒత్తిడిలో నేను చాలా నెలలు వెళ్ళలేదు. ఒకరోజు ఫోను చేసి తప్పకుండా రమ్మంటే వెళ్ళి చూద్దును కదా, మనిషి మంచం మీద కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చున్నాడు, పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. ఆకలి లేదు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. క్లినిక్కులో నొప్పికి మాత్రలిచ్చి, ఎక్కువసేపు నిలబడొద్దని చెప్పారట. రాళ్ళు పేర్చేవాడు నిలబడకుండా ఎలా ఉంటాడో వాళ్ళకే తెలియాలి. వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి పోవాలని ఉంది గానీ, ఇంట్లో పెత్తనమంతా వాళ్ళ పెద్దన్నది. కడుతున్న ఇంటికి స్లాబు పడేదాకా ఆగమంటాడు, ఒంట్లో బాగాలేదంటే నమ్మడు, దుబాయ్‌లో ఉన్న ప్రతివాడూ ఏదో ఒకనాడు అనే మాటే కదా అని కొట్టిపారేస్తాడు. అసలు మా అన్నయ్య కోపం వాళ్ళ మీద కాదు, గోడ మీదున్న తన ఫొటోల మీద.

"ఈసారి కోటొద్దు, కారొద్దు. నేనెట్లున్ననో అట్లనే తియ్యి తమ్మీ. మా అన్న సూడాలె, మా ఆమె సూడాలె. సూసి, వచ్చెయ్యిరా అనాలె. ఆల్లు రమ్మనకుండ నేను పోతె, పని చాతగాక వాపసొచ్చిండని ఊరంత అంటది."

తీశాను. బనీను మీద, ఆ మంచం మీద, ఆ ట్యూబులైటు వెలుగులో, ఉబ్బిన పాదాలతో సహా. నా బతుకులో నేను తీసిన అసలైన ఫొటో అదొక్కటే.

మర్నాడు సాయంత్రం ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఇక్కడ మిమ్మల్ని నమ్మించడానికి నా దగ్గర మంచి కారణమేదీ లేదు. ట్యూబులైటు వల్ల మొహం పాలిపోయినట్టు ఉందనిపించి రంగు సరిచేశాను. కళ్ళ కింద సంచులు లైటు నీడలనుకుని తగ్గించాను. అడుగున చెప్పులూ గిన్నెలూ అసహ్యంగా ఉన్నాయని కింది భాగం కత్తిరిస్తే పాదాలు పోయాయి. పదేళ్ళుగా చేస్తున్న పని, మనసుతో నిమిత్తం లేకుండా చెయ్యి తనంతట తాను చేసుకుపోయింది. నడుమ ఒక్క క్షణం ఆయన మాట గుర్తొచ్చింది కూడా. కానీ పాపం ఆవిడ ఒక్కసారిగా చూసి జడుసుకుంటుందేమో, బనీను మీద మంచంలో కూర్చున్నాడు కదా, ఆపాటి తెలుస్తుందిలే అనుకున్నాను. డ్యూటీ నుంచి వచ్చిన మా ఆవిడ నా భుజం మీదుగా తెర చూసి, మీ అన్నయ్య కొంచెం నీరసించాడు గానీ పర్లేదండీ, బాగానే ఉన్నాడు అని వంట పనిలో పడింది. నర్సు కూడా అలా అనేసరికి నా మనసు కుదుటపడింది. అచ్చు వేసి, మర్నాడు ఊరెళ్ళే ఒకాయన చేతికిచ్చాను.

వారం తిరిగాక అన్నయ్య ఫోను చేశాడు. గొంతులో కోపం ఉంటే బాగుండేది.

"సూసిన్రంట తమ్మీ. మంచిగనే ఉన్నవ్ గదరా, రంగు గూడ తేలినవ్, ఇంకో రెండేండ్లు ఓపిక పట్టుమన్నడు మా అన్న. నువ్వేమనుకోకు. నీ చెయ్యి అసొంటిది, ఏం జేస్తం."

వచ్చే శుక్రవారం వచ్చి మళ్ళీ తీస్తానన్నయ్యా, ఈసారి ఏమీ ముట్టుకోను అని ఒట్టేసినంత పని చేశాను. ఆ వారమే కొత్త క్యాలెండరు కోసం పడవల పని పడింది, శుక్రవారం వెళ్ళలేదు. ఆ పై శుక్రవారం వెళ్దామనుకున్నాను. అంతలోనే ఆయన గదిలో ఉండే ఒకతను ఫోను చేసి, పొద్దున డ్యూటీకి లేపితే లేవలేదని చెప్పాడు.

ఆ రోజు మా ఆవిడకి మొదటి ఫొటో చూపించాను, ఏమీ చెయ్యనిది. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. పాదాలు చూసింది, మొహం చూసింది, ఇది కిడ్నీలు పోయిన మనిషి మొహమండీ, నాకీ ఫొటో ఆ రోజే ఎందుకు చూపించలేదు అంది. అంతకంటే ఒక్క మాట కూడా అనలేదు, ఇన్నేళ్ళలో మళ్ళీ ఎత్తనూ లేదు. అనేస్తే తీరిపోయేదేమో.

శవం ఇంటికి చేరాక, నా నంబరు ఎవరిచ్చారో, ఆయన భార్య ఫోను చేసింది. దండ వేసి ముందు పెట్టుకున్నది నేను పంపిన ఫొటోనేనట. చాలాసేపు ఏడుపే వినబడింది.

"నువ్వే తీసినవట గదన్నా. నీ కండ్లతోని సూసినవ్ గద. ఇంత మంచిగున్న మనిషి ఎట్ల పోయిండన్నా?"

దేవుడి చిత్తమమ్మా అనో ఏదో అని ఉంటాను. మాట తోచనప్పుడు మా చర్చివాళ్ళం అనే మాట అదే. శుక్రవారాలు క్యాంపులకి వెళ్ళడం ఆ తర్వాత మానేశాను. కోటు ఎవరికో ఇచ్చేశాను. కొన్నాళ్ళకి కంపెనీ మూతపడితే ఒక ఆఫీసులో స్టోర్‌కీపరుగా చేరాను.

ఇప్పుడు కాలం చాలా మారింది. క్యాంపుల్లో వైఫై ఉంది, ఇంటివాళ్ళ మొహాలు రోజూ చూసుకుంటున్నారు, దాపరికానికి చోటెక్కడుంది అని అందరూ అంటారు. నేను మాత్రం గమనిస్తుంటాను. వీడియో కాల్ చేసే ముందు ప్రతివాడూ మొహం కడుక్కుని, తల దువ్వుకుని, మంచాల వరస కనబడకుండా గోడకి ఆనుకుని కూర్చుంటాడు. నా అవసరం ఎవరికీ లేకుండా పోయింది, ఆ విద్య ఎవరికి వాళ్ళు నేర్చేసుకున్నారు. నీళ్ళు పట్టిన కాళ్ళు ఇప్పటికీ ఫోనుకి కిందనే ఉండిపోతాయి.

మా రోజుల్లో ఒక ఫొటో ఊరు చేరాలంటే సెలవు మీద వెళ్ళే మనిషి కోసం నెలల తరబడి చూసేవాళ్ళం. పంపలేకపోయామంటే మనిషి దొరకలేదని చెప్పుకోవచ్చు. ఇప్పుడు వేలితో తాకితే క్షణంలో జగిత్యాల చేరుతుంది, ఆ సాకు కూడా నాకు మిగల్లేదు. ఆమె నంబరు నా ఫోనులో ఉంది, ఆ మొదటి ఫొటో కూడా ఉంది. ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు అదే. దాన్ని ఇన్నేళ్ళుగా నేను పంపలేదు, ఇక పంపుతానన్న నమ్మకం కూడా నాకు లేదు.