గేటు దాటని నిమ్మచెట్టు

వెర్లా కాపురమంతా చక్రాల మీదే సాగింది. మొగుడు గోర్డీ పైపులైన్ల వెల్డరు. పని ఎక్కడుంటే ట్రైలర్ ఇల్లు అక్కడ. కూతురు కొరీన్‌కి నడక వచ్చింది యూమాలో, పాలపన్ను ఊడింది గీలా బెండ్‌లో. ఎప్పుడు జరిగిందంటే ఆ ఇంట్లో ఎవరూ సంవత్సరం చెప్పరు, ఊరి పేరు చెప్తారు.

గోర్డీ పని మానేశాక, ట్రైలర్ ఇళ్ళు నిలుపుకునే జావెలీనా పార్కులో దిగారు. కొలరాడో నదికి అవతల కాలిఫోర్నియా, ఇవతల అరిజోనా. ఆ ఇవతలి ఒడ్డున, కంకరా ఎండా తప్ప ఇంకేమీ లేని చోటు. వెర్లాకి ఇరుగుపొరుగు అంటే ఏంటో అక్కడే తెలిసింది. ఎండ వాలితే అందరూ మడత కుర్చీలు మోసుకుని ఆమె ట్రైలర్ నీడకే చేరేవాళ్ళు. ఇక నేను కదలనని తేల్చేసింది. గోర్డీ సరేనన్నాడు. ఇలాంటి సరేలు బోలెడు విని ఉన్న వెర్లా మొహంలో ఏ మార్పూ లేదు. దాంతో అతను ఊళ్ళోకి పోయి, కుండీలో నిమ్మచెట్టు పట్టుకొచ్చాడు.

"కాలిఫోర్నియా వాళ్ళు దీన్ని రానివ్వరు. ఇది ఇక్కడుంటే నేనూ ఇక్కడే. చాలా?"

చాలింది. వంతెన దాటగానే తనిఖీ గేటు ఉంటుందనీ, పురుగుల భయంతో నిమ్మ, నారింజ మొక్కలు లాగేసుకుంటారనీ ఆ పార్కులో పిల్లలక్కూడా తెలుసు. అవతలికి పోయేవాళ్ళు ముందురోజే కుండీలు పంచిపెట్టి పోతారు.

వెర్లా ఆ చెట్టుకి గిన్నెలు కడిగిన నీళ్ళు పోసింది. ఎండ మాడ్చేస్తుంటే తన దుప్పటి కప్పింది. మొగుడికి జ్వరమొచ్చినా ఇంత సేవ చెయ్యదని పార్కంతా ఎగతాళి చేసేది. జ్వరమొస్తే గోర్డీ చేసే గోల తెలిసినవాళ్ళు మాత్రం ఆమెని తప్పుపట్టలేదు.

మూడో చలికాలం చివర్లో ఓ సాయంత్రం, పక్క ట్రైలర్ ఐలీన్ తోపుడుబండి తోసుకుంటూ వచ్చి చెట్టు పక్కన ఆపింది.

"ఇప్పుడే పట్టుకుపోనా, పొద్దున రానా?"

"ఏంటి పట్టుకుపోయేది?"

ఐలీన్ నవ్వబోయి ఆగింది. "చెట్టే. నాకిస్తానన్నాడుగా గోర్డీ... నీకింకా చెప్పలేదా?"

మిగతాది ఐలీన్ నేల చూపులు చూస్తూ చెప్పింది. కాలిఫోర్నియాలో, బార్‌స్టోలో గోర్డీ తమ్ముడు మోటారుసైకిళ్ళ షెడ్డు పెట్టాడు, అన్నని రమ్మన్నాడు. రేపే ప్రయాణం. వెర్లాకి నేనే చెప్తా, మీరు నోరు విప్పకండని గోర్డీ అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. ఫోనులో కొరీన్‌కి కూడా ఎప్పుడో చెప్పేశాడు. రోజూ వెర్లా ముంగిట్లో కూర్చుని, ఆమె చేసిన ఆపిల్ కేకు తిన్న ప్రతివాడికీ తెలుసు.

వెర్లా ఐలీన్‌ని ఖాళీ బండితో పంపేసింది. గోర్డీని ఏమీ అడగలేదు. రాత్రి భోజనాల దగ్గర అతను నాలుగుసార్లు గొంతు సవరించుకుని, బార్‌స్టోలో గాలి బాగుంటుందట అన్నాడు. ఆమె ఉప్పు అందించింది.

పొద్దున్నే గోర్డీ బయట మురుగు గొట్టం చుడుతుంటే, వెర్లా చెట్టుని ట్రైలర్ స్నానాల గదిలోకి లాగి తెర మూసేసింది. ఐలీన్ వచ్చి ఓ చెయ్యి వేసింది. చేసిన పాపానికి ఆ మాత్రం చాకిరీ తప్పదు మరి.

తనిఖీ గేటు దగ్గర ఆఫీసరు, మొక్కలూ పళ్ళూ ఏమన్నా ఉన్నాయా అని అడిగాడు. చెట్టు ఐలీన్ దగ్గరుందనుకుని, ఏమీ లేవన్నాడు గోర్డీ, హాయిగా.

"ఉంది," అంది వెర్లా. "స్నానాల గదిలో."

ఆఫీసరు చూసొచ్చాడు. చెట్టు ఇక్కడ వదిలేస్తే ముందుకు పోవచ్చు, లేదంటే బండి వెనక్కి తిప్పుకోవచ్చు అన్నాడు.

వెర్లా గోర్డీ వైపు తిరిగింది. చెట్టుని ఇంతదూరం తెచ్చింది ఈ ప్రశ్న కోసమే. అతను గొంతు సవరించుకుని తప్పించుకోలేని చోట అడగాలని.

"నువ్వే చెప్పు. మాటిచ్చింది నువ్వేగా."

గోర్డీ అద్దంలో వెనకాల ఆగిన లారీలు చూశాడు. స్టీరింగ్ గోకాడు. ఆమె వైపు మాత్రం చూడలేదు.

"తీసేసుకోండి సార్. మా ఆవిడకి మొక్కల పిచ్చి."

తనే దిగి, కుండీ ఈడ్చి ఇచ్చొచ్చాడు. బార్‌స్టోలో ఇంకోటి కొంటాలే అన్నాడు. వెర్లా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

కుండీ ఈడ్చినప్పుడు స్నానాల గది నిండా మట్టి ఒలికింది. బార్‌స్టోలో దిగాక వెర్లా ట్రైలరంతా తుడిచింది, ఆ గది తప్ప. తను తువ్వాలు భుజాన వేసుకుని అక్కడి పార్కు వాళ్ళ ఉమ్మడి స్నానాల గదికి పోతుంది. గోర్డీ రోజూ ఆ బురదలోనే నిలబడి నీళ్ళు పోసుకుంటాడు. కడగమని ఆమెని అడగడు. తనూ కడగడు.