ముప్పై ఐదా, ఎనభై ఐదా?

మదనపల్లెలో నేను కొత్తగా కాపురం పెట్టిన రోజులవి. కాపురమంటే పెళ్లాంతో కాదు, ఒక గ్యాస్ స్టవ్వుతో (అదీ సగం రోజులు అలిగేది). ఇరవై మూడేళ్ల వయసులో కదిరి నుంచి వచ్చి ఒక ఫోటో స్టూడియోలో చేరాను. పని అయ్యాక గదికెళ్లి, అన్నంలో పెరుగు కలుపుకుని, ఫోన్లో లెన్సుల రివ్యూలు చూసేవాణ్ణి. వీడియోలో వాడు "హాయ్ ఫ్రెండ్స్" అంటే నేనూ "హాయ్" అని జవాబు చెప్పేవాణ్ణంటే నా పరిస్థితి మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పెళ్లిళ్లలో నేను అందరికీ "ఏయ్ ఫోటో".

స్టూడియో ఓనరు, మేమంతా భాయ్ అని పిలిచే పెద్దాయన, కొత్తగా మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాడు. దానికి తక్కువ వెలుతురులోనూ పనిచేసే లెన్సు ఒకటి కావాలి. తెలిసిన కొట్టాయన ముప్పై ఐదు ఎమ్మెమ్ ఒకటి, ఎనభై ఐదు ఎమ్మెమ్ ఒకటి పంపి, నచ్చింది ఉంచుకుని రెండోది వెనక్కిమ్మన్నాడు. "ముప్పై ఐదా, ఎనభై ఐదా, నువ్వే తేల్చరా. పొద్దస్తమానం అయ్యే సూస్తాండావు గదా," అన్నాడు భాయ్. ముప్పై ఐదుతో తీయాలంటే మనుషుల దగ్గరికి పోవాలి. ఎనభై ఐదు దూరం నుంచే మొహాన్ని పట్టుకుని, వెనకున్నదంతా పొగలా కరిగించేస్తుంది. "ఎనభై ఐదే భాయ్, బ్లర్ అదిరిపోతాది," అన్నాను. అసలు సంగతి వేరు. దూరంగా నిలబడొచ్చు, ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు. ఒంటరితనానికి మందు వెతుక్కోవాల్సినవాణ్ణి, దానికి సరిపోయే లెన్సు వెతుక్కున్నాను.

ఆ వారమే పుంగనూరులో పెళ్లి. చదివింపుల వేళ చుట్టాలు ఒక్కొక్కరే స్టేజీ ఎక్కి, కానుక ఇచ్చి, కెమెరా వైపు చూసి నవ్వాలి. నేను ఎనభై ఐదు తగిలించి వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి భోజనాల గుమ్మం దాకా పోయాను. అక్కణ్ణుంచి "ఇటు సూడండి" అని అరిస్తే సాంబారు బకెట్టు పట్టుకున్నాయన చూశాడు తప్ప స్టేజీ మీద ఒక్కరూ చూడలేదు. నాకేం? లెన్సును పూర్తిగా తెరిచి, అంటే ఒకటి పాయింట్ నాలుగు దగ్గర పెట్టి, పెళ్లికూతురి మొహం మీద ఫోకస్ చేసి కొట్టుకుంటూ పోయాను.

మూడో రోజు పెళ్లికూతురి నాన్న స్టూడియోకి వచ్చి కంప్యూటర్లో ఫోటోలన్నీ చూశాడు. ఒక ఫోటో దగ్గర ఆగి, "దీంట్లో మాయమ్మ యాడుండాదప్పా?" అన్నాడు. పెళ్లికూతురి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఆమె భుజం వెనక తెల్లగా ఏదో మసక. భర్త పోయిన మనిషి కదా, పెళ్లికూతురి పక్కన నిలబడకూడదని ఆ అవ్వ తనంతట తానే అడుగు వెనక్కి వేసుకుంది. మిగతా పని నా లెన్సు చూసుకుంది. పెళ్లి మొత్తంలో ఆమె స్టేజీ ఎక్కింది ఆ ఒక్కసారే. "ఆ బిడ్డను సాకింది మాయమ్మేనప్పా. ఇద్దురూ కలిసుండే ఫోటో ఒగటి ల్యాకపోతే ఎట్ల?" అని మెల్లగా అడిగాడు. తిట్టినా బాగుండేది. భాయ్ నా వైపు తిరిగి, "పెళ్లికూతురు కుప్పంలో అత్తగారింట్లో ఉండాది. అవ్వను తోడుకోనిపొయ్యి ఇద్దురినీ కలిపి ఫోటో తీసుకోనిరా. సరిగ్గా రాకుంటే అట్నే కదిరి బస్సెక్కు," అన్నాడు.

మర్నాడు పుంగనూరులో అవ్వ బస్సెక్కీ ఎక్కకముందే, "యాలప్పా అంత దూరం నిలబడి తీస్తివి? మేమేమన్నా కరుస్తామా?" అంది. తర్వాత నా పేరడిగింది, ఊరడిగింది, పొద్దున తింటివా అనడిగింది. "నువ్వే వండుకుంటాండావా? అదే, ఇట్ల ఎండిపొయ్యుండావు," అని కొంగుముడి విప్పి నా చేతిలో శనిక్కాయల ఉంట (మీ పల్లీ లడ్డు) పెట్టింది. పలమనేరు వచ్చేలోపల నన్ను పదిసార్లు పేరు పెట్టి పిలిచింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉంట గొంతుకడ్డం పడిందని చెప్పి కిటికీ వైపు తిరిగాను.

కుప్పంలో ఆ ఇంటి హాలు చిన్నది. ఎనభై ఐదుతో తీయాలంటే నేను పక్కింట్లో నిలబడాలి. గత్యంతరం లేక ముప్పై ఐదు పెట్టాను. అవ్వ అలవాటుగా మళ్లీ అడుగు వెనక్కి వేసింది. "ఈడనే ఉంటాలేప్పా," అంది. నేను నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను కాబట్టి, వెళ్లి చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చాను. మనవరాలు ఆమె నడుం చుట్టూ చెయ్యేసి ఇంక వదల్లేదు. ఒకటి పాయింట్ నాలుగు అని నెల రోజులు కలవరించినవాణ్ణి, ఎవరూ మసకబారకుండా లెన్సును ఎనిమిది దాకా మూసేసి నొక్కాను. ఇద్దరూ తేటగా వచ్చారు.

తిరుగు బస్సులో అవ్వ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. చెయ్యి తిమ్మిరెక్కింది. అయినా కదపలేదు. పుంగనూరు తొందరగా వచ్చేస్తుందేమోనని దిగులు పడ్డాను.

"యాదిరా ఉంచుకునేది?" అనడిగాడు భాయ్ మర్నాడు.

"ముప్పై ఐదు భాయ్."

"మొన్నటిదాకా ఎనభై ఐదంటివే!"

"దీంట్లో మూలలు కూడా షార్పు భాయ్," అని మొదలుపెట్టి రివ్యూల్లో విన్నదంతా అప్పజెప్పాను. ఒక అవ్వ నన్ను తింటివా అనడిగింది, అందుకే ఈ లెన్సు కావాలి అని చెప్పుకోవడానికి నామోషీ. పిచ్చి వెధవని, చెప్పుంటే పోయేదేముంది? ఆ పూట భాయే ఇంటికి పిలిచి అన్నం పెట్టేవాడేమో.